తాళం వేసిన చెత్త

ఆ రోజు పొద్దున తాళాల మేస్త్రి చేతికి టీ గ్లాసిచ్చి, ఆయన భార్య ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మామూలుగా ఆవిడ కూర్చోదు. నిలబడే టీ తాగి, గ్లాసు కడిగిన నీళ్ళు ఏదో ఒక మొక్కకు పోసి, అటునుంచి అటే పనిలో పడిపోతుంది. పీట వేసుకుందంటే బుర్రలో ఏదో పథకం తయారైపోయిందని, ఇక తన వంతు తల ఊపడమేనని ముప్పై ఏళ్ళ కాపురంలో మేస్త్రికి బాగా తెలిసింది. తెలిసినా ఆయనకు బాధ లేదు. పెళ్ళాం పథకాలంటే చెవి కోసుకుంటాడు.

వీధిలో ఆవిడను అందరూ పారెయ్యనమ్మ అంటారు. మొహం మీద అనరు, వెనకాలే. అయినా ఆవిడకు తెలుసు, తెలిసి మురిసిపోతుంది. గొడుగు చిరిగితే గుడ్డ సంచి అవుతుంది, ఊచలు టమాటా మొక్కలకు ఆసరా అవుతాయి, పిడి గోడకు కొక్కెం అవుతుంది. మేస్త్రి చొక్కా పాతబడితే దిండు గలీబు అవుతుంది, అదీ పాతబడితే మసిగుడ్డ అవుతుంది. ఆ ఇంట్లోంచి రోజూ బయటికి పోయేది మేస్త్రి ఒక్కడే, అదీ సాయంత్రానికి తిరిగొస్తాడన్న నమ్మకం మీద.

"మీ కొట్లో మూడు ట్రంకు పెట్టెలు పడున్నాయి కదా, అవి కావాలండీ," అందావిడ.

ఆ మూడూ పదకొండేళ్ళుగా మేస్త్రి మోకాలి చిప్పలకు బాగా పరిచయం. తాళంచెవి పోయిందని ఎవరెవరో తెచ్చి, సాయంత్రం వచ్చి పట్టుకెళతామని చెప్పి, ఆ సాయంత్రం ఇంకా రానివాళ్ళ పెట్టెలవి. అడుగులు తుప్పు పట్టి జల్లెళ్ళయిపోయాయి. ఆ చిల్లులు చూసే పారెయ్యనమ్మ మనసు పారేసుకుంది. వంటింటి చెత్తను ఎరువు చేసే కంపోస్టు పెట్టెకు అడుగున నీళ్ళు కారడానికి చిల్లులుండాలట. బజార్లో అలాంటి పెట్టె కొనాలంటే మేస్త్రి నెల సంపాదనలో సగం పోతుంది. ఇక్కడ తుప్పు పదకొండేళ్ళు కష్టపడి ఊరికే పొడిచి పెట్టింది.

ఆవిడకు కంపోస్టు పిచ్చి కొత్త కాదు, పెరట్లో మట్టిలాగే పాతది. పెరడంటే పెద్దదేమీ కాదు, రెండు మంచాలు పడితే నడవడానికి చోటుండదు. మట్టి కూడా మట్టి కాదు, ఎప్పుడో గోడ కూల్చినప్పుడు పోసిన సున్నం పెళ్ళలు. అందులోనే ఆవిడ పదహారు కుండీలు, ఒక నిమ్మ చెట్టు పెంచుతోంది. నిమ్మ చెట్టు వయసు ఆరేళ్ళు. ఇంతవరకు ఒక్క పువ్వు పూయలేదు. ఆవిడ మాత్రం రోజూ దాని ఆకులు తుడిచి, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అని దానికి ధైర్యం చెబుతూనే ఉంది.

రెండు వారాల క్రితం ఒక వెదురు బుట్టలో మొదటి ప్రయత్నం జరిగింది. రెండో రోజే వీధి కుక్కలు బుట్టను బోర్లించి, అందులో సరుకును గేటు దాకా పరిచేశాయి. ఈ ఇల్లు అద్దెకిచ్చి మేడ మీద ఉండే ఇంటాయన పేపరు కోసం దిగొచ్చి, కుళ్ళిన గుమ్మడికాయ ముక్క మీద కాలేశాడు. ఆయన రిటైరైన సర్వేయరు. జీవితమంతా నేల కొలిచిన మనిషి ఆ పూట ఒంటితో కొలిచాడు. నడుం పట్టేసింది. మర్నాడే ఒక కాగితం రాసుకుని, మంచంలోనే ఒరిగి కూర్చుని మొగుడూ పెళ్ళాల చేత సంతకాలు పెట్టించాడు. రెండు నెలల్లోగా ఈ పెరట్లోంచి ఇంకొక్కసారి కంపు వచ్చినా, ఇంకొక్క కుక్క వచ్చినా ఆ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తామని దాని సారాంశం. ఆ అద్దెకు పెరడున్న ఇల్లు ఇంకెక్కడా దొరకదు. దొరికేదల్లా మూడో అంతస్తులో ఒక గది. నిమ్మ చెట్టు మెట్లెక్కి రాలేదు కదా.

"మరి మానేస్తే పోలేదూ?" అని మేస్త్రి అప్పుడే అడిగాడు.

"మానేస్తే ఈ చెట్టు ఎప్పటికీ పుయ్యదు. చెత్త కంపు కొట్టదండీ, చేతకాక కంపు కొడుతుంది. ఈసారి సరిగ్గా చేస్తాను. కానీ ఆయనకి మాత్రం చెప్పొద్దు. తెలిస్తే లేని కంపు కూడా వస్తుంది," అందావిడ.

ఇదీ ఒప్పందం. ఇంటాయనకే కాదు, ఎవరికీ చెప్పకూడదు. రెండు నెలలు గడిచి, సరుకు చేతికొచ్చాక, గుప్పెడు తీసుకెళ్ళి ఆయన ముక్కు కిందే పెట్టి వాసన చూడమని అడగాలి. అప్పటిదాకా నోరు మెదపకూడదు.

ఆ ఆదివారం పెట్టెలొచ్చాయి. పారెయ్యనమ్మ పని చేస్తుంటే చూడటానికి మేస్త్రికి రెండు కళ్ళూ చాలలేదు. ఇటుకలు పేర్చి పెట్టెలను జానెడు ఎత్తున నిలబెట్టింది. కింద కారే నీళ్ళకు వంకర పోయిన పళ్ళేలు పెట్టింది. అంచుకు కాస్త కింద వరసగా సన్నటి చిల్లులు పెట్టమంటే మేస్త్రి పెట్టాడు, వాటికి లోపల్నుంచి పాత దోమతెర ముక్కలు అంటించింది. అడుగున ఎండుటాకులు పరిచి, వాటి మీద ఉల్లిపొట్టు, బంగాళాదుంప తొక్కలు, వాడేసిన టీపొడి వేసి, పైన కలప అడితిలోంచి ఊరికే తెచ్చిన రంపపు పొట్టు చల్లింది. తడి ఎంతుండాలో ఆవిడ చేతికి తెలుసు. గుప్పెట్లో పిండితే వేళ్ళ సందుల్లో చెమ్మ కనపడాలి, చుక్క మాత్రం రాలకూడదు. మొదటి పెట్టె నింపడానికి, రెండోది మగ్గడానికి, మూడోది ఆరడానికి. వారం వారం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరగెయ్యాలి. లోపల వేడి పుట్టాలి కాబట్టి మూడింటికీ కలిపి తను కుట్టిన అతుకుల బొంత కప్పింది. మొత్తం ఖర్చు ఏమిటా అని మేస్త్రి ఆలోచిస్తే ఇటుకలు మోసినందుకు తన చిటికెనవేలు చితకడం తప్ప ఏమీ తేలలేదు.

"మూతలు లేవకుండా ఏదైనా గడియ పెట్టండి," అందావిడ ఆఖర్న.

సరిగ్గా ఇక్కడే వచ్చింది తంటా. మేస్త్రి చేతులకు గడియ పెట్టడం రాదు. ముప్పై ఏళ్ళుగా వచ్చిన ప్రతివాడికీ గడియ నమ్మొద్దనీ, అది కుక్క ముట్టెతో ఎత్తినా లేస్తుందనీ చెప్పి బతికిన మనిషి. పైగా ఈ పెట్టెల మీద ఇల్లు ఆధారపడి ఉంది. ఆలోచించి ఆలోచించి కొట్లో అద్దాల బీరువాలో ఉన్న ఏడు లీవర్ల ఇత్తడి తాళాలు మూడు తెచ్చాడు. అవి ఆయన స్వహస్తాలతో చేసినవి. నగల కొట్లవాళ్ళు అడిగితే తప్ప బయటికి తీయడు. మూడింటికీ మూడు బిగించి, లాగి చూసి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. తాళంచెవులు పారెయ్యనమ్మ తాడుకు గుచ్చి మెళ్ళో వేసుకుంది.

ఆ ఇంటి వీధి తలుపుకు మాత్రం వంచిన మేకు ఒకటుంటుంది. బయటికెళ్ళేటప్పుడు దాన్ని అడ్డంగా తిప్పుతారు. ఆ సంగతి వీధి వీధంతా ఎరుగును.

ఇంటాయన మర్నాడు పొద్దున నడుం పట్టుకుని మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి, కిందికి చూశాడు. మూడు ఇనప పెట్టెలు. వాటి మీద బొంత. బొంత కింద నుంచి ఇత్తడి తాళాలు మూడు తళతళా మెరుస్తున్నాయి. ఇంటికి మేకు, పెట్టెలకు ఏడు లీవర్లు. సర్వేయరు బుర్ర కొలతలు వేయడం మొదలుపెట్టింది.

మేస్త్రి కొట్టుకు బయల్దేరుతుంటే పైనుంచే అడిగాడు.

"ఏమయ్యా, ఆ పెట్టెల్లో ఏముంది?"

"ఏముందండీ... ఏమీ లేదు," అన్నాడు మేస్త్రి నీళ్ళు నములుతూ.

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. మాట చెప్పి ఒకసారి పెట్టెల కేసి చూశాడు, ఒకసారి వంటింటి కేసి చూశాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఓ గంటాగి ఇంటాయన అదే ప్రశ్న పారెయ్యనమ్మను అడిగాడు. ఆవిడ నిజమే చెప్పింది, కాకపోతే చివర కాస్త కత్తిరించింది. ఇన్నాళ్ళూ తెలివితక్కువగా పారేసిన వాటిని ఇప్పుడు కాస్త కాస్త కూడబెడుతున్నానంది. మొగుడు ఏమీ లేదంటాడు, పెళ్ళాం కూడబెడుతున్నానంటుంది. ఇంటాయన ఆ రెండూ కలిపి ఒక లెక్కకొచ్చాడు.

మిగతా పని ఇస్త్రీ అక్క చేసింది. ఆవిడ బండి గేటు పక్కనే. మధ్యాహ్నం వీధంతా కునుకు తీసే వేళ పారెయ్యనమ్మ గేటు మూసి, అటూ ఇటూ చూసి, తాళం తీసి, పెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమి, తనలో తను నవ్వుకుని, మళ్ళీ తాళం వెయ్యడం ఇస్త్రీ అక్క గేటు సందులోంచి మూడు రోజులు వరసగా చూసింది. నాలుగో రోజుకు ఇస్త్రీకొచ్చిన ప్రతి చొక్కాతో పాటు ఆ కబురు కూడా మడతపెట్టి ఇచ్చేసింది. లంకె బిందెలని కొందరన్నారు. ఎవరో పెద్ద షావుకారు చచ్చిపోతూ మేస్త్రి దగ్గర దాచమన్నాడని కొందరన్నారు. ఏదైనా కానీ, చూసి నవ్వుకుంటోందంటే తక్కువదేమీ కాదని అందరూ ఒప్పుకున్నారు.

అక్కణ్ణుంచి మేస్త్రికి లోకం తీరు అర్థం కావడం మానేసింది. ముందుగా ఇంటాయన పిలుపు మారింది. ఆరేళ్ళుగా 'ఏమయ్యా' అన్నవాడు ఒకరోజు 'మేస్త్రిగారూ' అన్నాడు. ఎవరినా అని మేస్త్రి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆరేళ్ళుగా కారుతున్న కుళాయి మర్నాడే బాగైంది. నాలుగో నాడు ఇంటాయన పేపరు పట్టుకుని స్వయంగా కిందికి దిగొచ్చి, కాసేపు గాలికి కూర్చుంటానని, ఎక్కడా చోటు లేనట్టు సరిగ్గా మధ్య పెట్టె మీద, బొంత మీద చతికిలబడ్డాడు.

వంటింటి కిటికీలోంచి అది చూసి పారెయ్యనమ్మ చేతిలో పని వదిలేసి ఊచలకు అతుక్కుపోయింది. ఆయన కింద పెట్టెలో క్యాబేజీ ఆకులు కుతకుత ఉడుకుతున్నాయి. ఆయన మాత్రం గంటసేపు కూర్చుని, లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆశ్చర్యంగా రెండడుగులు వేశాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మగ్గుతున్న చెత్త ఒకటే సమంగా, సన్నటి సెగ పెడుతుంది. ఏ కాపడమూ అంత ఓపిగ్గా పెట్టదు. ఆ పెట్టె మీద చల్లగా గాలీ తగులుతుందని, వెచ్చగా ఎండా తగులుతుందని, ఆ చోటే అలాంటిదని ఇంటాయన భార్యకు చెప్పాడు. వారం తిరిగేసరికి వంగి చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన అక్కడ కూర్చున్నంతసేపూ మేస్త్రి దంపతుల ప్రాణాలు మాత్రం గాల్లోనే ఉండేవి.

తర్వాత పారెయ్యనమ్మ అన్నయ్య దిగాడు. పళ్ళ టోకు వ్యాపారి. తొమ్మిదేళ్ళుగా చెల్లెలి గుమ్మం తొక్కని మనిషి, కళ్ళల్లో నీళ్ళతో, నెత్తిన బుట్టెడు అరటిపళ్ళు, బొప్పాయిలతో వచ్చాడు. తోడబుట్టినవాళ్ళ మధ్య దాపరికాలేమిటని, నీ పెట్టెలు నా గోదాములో ఉంటే భద్రంగా ఉంటాయని చెల్లెలికి చెప్పి చూశాడు. ఆవిడ పళ్ళు తీసుకుంది, పెట్టెలివ్వలేదు. వారానికొక బుట్ట చొప్పున ఆయన వస్తూనే ఉన్నాడు. ఆ చుట్టుపక్కల వాళ్ళు కూడా ఉత్త చేతులతో రావడం మానేశారు. తిన్నంత తిని, తొక్కలన్నీ ఆవిడ మొదటి పెట్టెలో వేసింది. అంతకుముందు రోజుకు గుప్పెడు దొరకని సరుకు ఇప్పుడు బుట్టలకొద్దీ వచ్చి పడుతోంది.

"ఎవరి దృష్టి తగిలిందో గానీ, కలిసొస్తోందండీ," అంది మొగుడితో.

ఏడో వారం ఒక పొద్దున, పారెయ్యనమ్మ రంపపు పొట్టు కోసం అడితికి వెళ్ళింది. మేస్త్రి కొట్టుకు బయల్దేరబోతున్నాడు. ఇంటాయన చేతిలో ఒక గుడ్డమూట పట్టుకుని పిల్లిలా మెట్లు దిగొచ్చాడు. భార్యతో కలిసి కూతురింటికి వెళుతున్నాననీ, పది రోజులు ఇల్లు తాళమనీ, ఈ మూటలో వాళ్ళావిడ గాజులు, ఇంకా ముఖ్యమైనవి ఉన్నాయనీ, పైన తన బీరువాను తనే నమ్మననీ చెప్పాడు.

"మీ పెట్టెలో ఓ మూల ఉంచండి మేస్త్రిగారూ. మీకున్నదేమిటో నేను చూడను, ఇదుగో, అటు తిరిగి నిలబడతాను. ఈ సంగతి మనిద్దరి మధ్యే. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పకండి."

మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే పెళ్ళానికిచ్చిన మాట పోతుంది, ఇల్లూ పోతుంది. మూట తీసుకుని ఇంట్లో అటక మీద పెడదామా అంటే ఆయన అటు తిరిగి నిలబడ్డాడే గానీ చెవులు ఇటే ఉన్నాయి, తాళం చప్పుడు కోసం. తాళంచెవులు పారెయ్యనమ్మ మెళ్ళో ఉన్నాయి. మేస్త్రికి తాళంచెవులెందుకు, జేబులో తీగ ఉంది. తన తాళం తనే నిమిషంలో తీసి, ఆవిరి మొహాన కొడుతుంటే మధ్య పెట్టెలో మూట కూరి, మీద పొట్టు కప్పి, తాళం వేశాడు. ఈయన ఆటో ఎక్కగానే తీసేద్దామని అనుకున్నాడు.

ఆటో మలుపు తిరిగిందో లేదో, కొట్టు పక్కనున్న దుకాణదారుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. దంతవైద్యుడు లోపల రోగితో సహా ఇరుక్కుపోయాడనీ, తలుపు తాళం పట్టేసిందనీ, రోగి నోరు తెరిచి గంటైందనీ. మేస్త్రి సైకిలెక్కి పరుగు. ఆ తలుపుతో తల ప్రాణం తోకకొచ్చి, ఇంటికొచ్చేసరికి సాయంత్రం అయిదు. పెరట్లో పారెయ్యనమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఇవాళే మొత్తం తిరగేసేశాను. రెండోది మూడోదాంట్లోకి, మొదటిది రెండోదాంట్లోకి. నడుం విరిగిందనుకోండి," అంది సంతోషంగా.

మేస్త్రి గుండె చిల్లుపడ్డ పెట్టె అడుగులోంచి జారినట్టు జారింది. ఏదైనా కనపడిందా అని అడగబోయాడు. ఇంటాయనకిచ్చిన మాట గొంతుకు అడ్డం పడింది. ఆవిడ పారతో ఎత్తి ఎత్తి పోసింది, గుడ్డమూట అప్పటికే పొట్టూ చెమ్మా అంటి మట్టిగడ్డలా అయిపోయి ఉంటుంది. ఇక రేపు పొద్దున్నే తనే వెతుక్కోవాలి.

మర్నాడు ఆవిడ వంటింట్లో ఉండగా మేస్త్రి తీగతో మూడో పెట్టె తెరిచి భుజం దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే, వెనక అలికిడైంది. పారెయ్యనమ్మ నిలబడి ఉంది. మేస్త్రి గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. ముప్పై ఏళ్ళలో మొగుడు తనంతట తను మట్టిలో చెయ్యి పెట్టడం ఆవిడ చూడలేదు.

"చెప్పకూడదూ, నేర్పేదాన్ని కదా," అంది మెత్తగా. పక్కన కూర్చుని, వేడి ఎలా చూడాలో, వానపాములను ఎలా నొప్పించకూడదో, ఆరే పెట్టెను మాటిమాటికీ ఎందుకు కెలకకూడదో అన్నీ నేర్పింది. ఇక ముందు కెలకనని ఆయన చేత ఒట్టు కూడా వేయించుకుంది. మేస్త్రి జీవితంలో పెళ్ళాన్ని అంత మెచ్చుకున్న రోజు లేదు, అంతగా భయపడ్డ రోజూ లేదు. ఇటు ఒట్టు, అటు మాట, మధ్యలో మూట. పది రోజులు ఆయనకు తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు. తన తాళాలకు తనే బందీ అయిన తాళాల మేస్త్రి గురించి ఎవరూ ఎక్కడా విని ఉండరు.

పదో రోజు పొద్దున ఇంటాయన దిగాడు. భార్యను పైకి కూడా పోనివ్వకుండా నేరుగా పెరట్లోకొచ్చాడు. ఆ వేళకే వారం బుట్టతో అన్నయ్య వచ్చి ఉన్నాడు. పెట్టె తెరుస్తారేమోనన్న ఆశతో ఇస్త్రీ అక్క బండి వదిలేసి గేటులోకి వచ్చి నిలబడింది.

"మేస్త్రిగారూ, నా మూట," అన్నాడు ఇంటాయన చెయ్యి చాపి.

పారెయ్యనమ్మ మొగుడి కేసి చూసింది. మేస్త్రి ఆ చూపుకు కరిగిపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు, మూట ఇచ్చినప్పటి నుంచి తిరగేసిన దాకా, తను కెలికింది కంపోస్టు మీద ప్రేమతో కాదన్న సంగతితో సహా. ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకున్నాడు. ఇంటాయనకు సగమే అర్థమైంది. దేంట్లోంచి దేంట్లోకి తిరగేశారని అడిగాడు.

పారెయ్యనమ్మ లోపలికెళ్ళి పాత దుప్పటి తెచ్చి పెరట్లో పరిచింది. విరిగిన ఇనప మంచం తీగ వలను కిటికీ చట్రానికి బిగించి తను చేసుకున్న జల్లెడ తెచ్చి దాని మీద పెట్టింది. మెళ్ళోంచి తాడు తీసి, బొంత పక్కకు లాగి, మూడో పెట్టె తాళం తీసింది. నలుగురూ మెడలు చాచారు. ఇంటాయన అటు తిరిగి నిలబడటం మర్చిపోయాడు.

పెట్టె నిండా నల్లగా, పొడిపొడిగా ఏదో ఉంది. ఒక వానపాము తల ఎత్తి, ఇంతమందిని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"ఏమిటిది?" అన్నాడు ఇంటాయన.

"చెత్తండీ," అంది పారెయ్యనమ్మ. "మా చెత్త, మీ కుళాయి బాగుచేసినాయన తాగిన టీపొడి, వీధిలో ఆకులు. నువ్వు తెచ్చిన పళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయన్నయ్యా."

అన్నయ్య చేతిలో ఆ వారం బుట్ట మెల్లగా కిందికి దిగింది. ఇస్త్రీ అక్క ముక్కున వేలేసుకుంది. వేలేసుకున్నా ముక్కు మూసుకోవాల్సిన అవసరం మాత్రం రాలేదు. ఆ సంగతి అప్పటికెవరూ గమనించలేదు.

ఆవిడ చేటతో ఎత్తి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. నాలుగో చేటకు ఒక గాజు, అయిదో చేటకు రెండు, ఏడో చేటకు నాలుగోది. కొంగుతో తుడిచి ఇంటాయన భార్య చేతికిచ్చింది. అవి పెట్టినప్పటికంటే శుభ్రంగా మెరిశాయి. మేస్త్రికి పది రోజుల తర్వాత ఊపిరి ఆడింది. మూటగుడ్డ మాత్రం పీచు పీచుగా చేతికొచ్చింది. దాని మధ్య వేలెడు కాగితం ముక్క ఒకటి, తడికి ముద్దయిపోయి, అంచున మేస్త్రి సంతకం తోక ఒక్కటి మిగిలి కనపడింది.

అది చూశాక ఇంటాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'మేస్త్రిగారూ' కాస్తా మళ్ళీ 'ఏమయ్యా' దగ్గరికొచ్చేసింది.

"ఏమయ్యా, ఎంత మోసం! నా పెరట్లో చెత్త పెట్టి తాళాలేస్తావా? కాగితం కుళ్ళబెట్టేస్తే తప్పించుకుందామనుకున్నారా? ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాల్సిందే."

కాగితం ఆ మూటలో ఉందని మేస్త్రికి ఆ క్షణం దాకా తెలియదు. ఇంటాయన మర్యాదలు చేస్తూనే, బంగారంతో సమానంగా ఆ కాగితాన్నీ దాచుకున్నాడన్నమాట. అన్నయ్య ఇదే సందు అనుకుని, కాగితమే లేనప్పుడు ఖాళీ చేయించే హక్కెక్కడిదని బల్లగుద్దబోయాడు. పారెయ్యనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కాగితం పోతే పోయిందండీ, మా మాట పోలేదు. అందులో రాసింది నాకు గుర్తుంది. కుక్క వస్తే, కంపు వస్తే వెళ్ళిపోతామన్నాం. వెళ్ళిపోతాం. ఈ ఏడు వారాలూ, ఆ పైన పది రోజులూ ఈ పెట్టెలు ఇక్కడే ఉన్నాయి. మీరు రోజూ గంటసేపు వాటి మీదే కూర్చున్నారు. ఒక్క కుక్క వచ్చిందా? ఒక్కనాడు కంపు వచ్చిందా? మీ నోటితో మీరు చెప్పండి. వచ్చిందంటే సాయంత్రానికే సామాను సర్దుతాను."

ఆవిడ చెయ్యి నిమ్మ చెట్టు కొమ్మ మీద ఉంది. మేస్త్రి తన పెళ్ళాన్ని చూసి, వెళ్ళాల్సొస్తే ఆ చెట్టును కూడా వేళ్ళతో సహా మూడో అంతస్తుకు మోసుకెళతానని మనసులో అనుకున్నాడు.

ఇంటాయన నోరు తెరిచాడు. వచ్చింది అనడానికి ఒక్క మాట చాలు. ఆయన కోపిష్టి గానీ, ముప్పై అయిదేళ్ళు కొలతల్లో జానెడు తేడా రాయని మనిషి. ఈలోగా గాజులు తొడుక్కుంటున్న ఇంటావిడ తల ఎత్తకుండానే అంది.

"ఆ పెట్టె మీద కూర్చునేగా మీ నడుం బాగైంది. కూతురింట్లో పది రోజులూ మళ్ళీ పట్టేసిందని, ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళి అక్కడ కూర్చుంటానా అని నన్ను చంపుకు తిన్నారు."

ఇంటాయన వంగాడు. వంగుతూ నడుం పట్టుకున్నాడు. దుప్పటి మీంచి గుప్పెడు తీసి, అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొదటి వాన పడ్డప్పుడు నేల ఎలా వాసనేస్తుందో అలా ఉంది. నేలంటే ఆయనకు తెలియనిది కాదు. రెండోసారి చూశాడు. తర్వాత ఆ గుప్పెడు కింద పారెయ్యకుండా, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని, నిమ్మ చెట్టు మొదట్లో పోశాడు.

"రాలేదు," అన్నాడు గొణుగుతూ. చెప్పి, ఎవరి కేసీ చూడకుండా, వెళ్ళి మధ్య పెట్టె మీద కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక పారెయ్యనమ్మ మొగుడి దగ్గరికొచ్చింది. ఆయన క్షమాపణ చెప్పుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడు. ప్రేమ లేకుండానే ఒక్క పూట అంత చక్కగా కెలికారంటే, ప్రేమ పుడితే ఇంకెంత బాగా చేస్తారో అంది ఆవిడ. అని జల్లెడ ఆయన చేతికిచ్చింది. ఆయన పట్టాడు, ఇప్పటికీ పడుతున్నాడు.

మూడు నెలలు తిరిగేసరికి నిమ్మ చెట్టు పూసింది. మొదటి కాయ పారెయ్యనమ్మ స్వయంగా మేడ మీదికి పట్టుకెళ్ళింది. పిండుకున్నాక తొక్క తిరిగిచ్చెయ్యమని మరీ చెప్పింది. ఇంటాయన తొక్కతో పాటు మేడ మీది చెత్తంతా బకెట్‌లో పెట్టుకుని దిగొచ్చాడు. అన్నయ్య కూడా రావడం మానలేదు. కాకపోతే ఇప్పుడు కుళ్ళిన పళ్ళు తెస్తాడు, చెల్లెలు వాటికే ఎక్కువ సంతోషిస్తుంది. ఇస్త్రీ అక్క బండి పక్కన కూడా ఒక పాత పెట్టె వెలిసింది.

కానీ ఇంటాయనకు కొత్త దిగులు పట్టుకుంది. ఈ సరుకు విలువ ఇప్పుడు వీధంతా తెలిసిపోయింది, రాత్రికి రాత్రి ఎవడైనా పెట్టెలెత్తుకుపోతే ఏం గతి అని మేస్త్రి వెంటపడి, గేటుకు కూడా ఒక ఏడు లీవర్ల తాళం వేయించాడు.

ఇంటి తలుపుకు మాత్రం ఇప్పటికీ వంచిన మేకే.